బుట్ట పెట్టిన సీటు

అయినా ఏడుగురని చెప్పింది నేనే. ఎవరూ నా నోట్లో ఆ మాట పెట్టి పలికించలేదు. కార్ల షాపులో టై కట్టుకున్న ఆ సేల్స్‌మన్ నా వైపు తిరిగి అడిగాడు, నేను చెప్పాను, మధ్యలో ఇంకొకరు లేరు. చెప్పినప్పుడు ఏమీ అనిపించలేదు. ద్వారకా నగర్‌లో ఆటోలు రెండూ మావాళ్ళతో నిండిపోతే నేను బస్సెక్కి గాజువాక దాకా నిలబడి వచ్చాను, అప్పుడూ అనిపించలేదు. చీర మార్చుకుని, తీగ మీది బట్టలకి పట్టిన నల్లటి దుమ్ము దులిపి లోపలికి తెచ్చాను. బియ్యం డబ్బాలో గ్లాసు ముంచి, ఏడోసారి తీసి గిన్నెలో పోసి, మూత పెట్టబోతుంటే చెయ్యి ఆగిపోయింది. మామయ్యగారికి ఒకటి, అత్తయ్యకి ఒకటి, ఆయనకి, మరిదికి, తోడికోడలు నాగమణికి, జయంత్‌కి, ధనశ్రీకి. గ్లాసు నా చేతిలోనే ఉంది. నాకు?

నాకని ఎప్పుడూ విడిగా కొలవలేదు. కొలిచే పని పడలేదు. ఏడుగురికి వండితే ఎనిమిదో మనిషికి ఎలాగో వస్తుంది. అడుగున కొంత, అంచుల్లో కొంత, ధనశ్రీ పళ్ళెంలో వదిలేసింది కొంత. ఏళ్ళ తరబడి అలాగే వస్తోంది, ఒక్క పూటా పస్తున్నది లేదు. అందుకే అది పొరపాటని ఎప్పుడూ తోచలేదు. పనితనం అనుకున్నాను. వృథా పోకుండా సరిగ్గా వండుతుందని అత్తయ్య వచ్చినవాళ్ళకి చెబుతుంటే సంతోషపడ్డాను కూడా.

ఆ షాపులో అందరూ కొత్త బండి చుట్టూ ఉన్నారు. కొత్త రబ్బరు వాసన, పాలిష్ వాసన. మా మామగారు శ్రీరామ్మూర్తిగారు పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. ఏ వస్తువునైనా రేవులో దిగిన సరుకులాగే వేళ్ళతో కొట్టి చూస్తారు. బానెట్ మీద కొట్టి చెవి ఒగ్గి వింటున్నారు. జయంత్ స్టీరింగ్ ముందు కూర్చుని నోటితో హారన్ కొడుతున్నాడు. ఆయన, మరిది కలిసి టైర్ల దగ్గర వంగి ఉన్నారు. నేను అందరి చెప్పులకీ, సంచులకీ కాపలాగా ఒక పక్కన నిలబడ్డాను. ఖాళీగా కనిపించింది నేనే కాబట్టి సేల్స్‌మన్ నన్ను అడిగాడు.

“ఇంట్లో మొత్తం ఎంతమంది మేడం?”

నేను ఆలోచించలేదు. కళ్ళ ముందు పళ్ళేలు కదిలాయి. “ఏడుగురండి.”

“అయితే ఇంకేం ఆలోచించకండి సార్,” అని అతను గట్టిగా అందరికీ వినబడేలా అన్నాడు. “ఇది సెవెన్ సీటర్. మీ ఫ్యామిలీని కొలిచి చేసినట్టుంది.”

అందరూ నవ్వారు. మామయ్యగారు అక్కడికక్కడే సీట్లు పంచేశారు. “పెద్దాడు శంకరం నడుపుతాడు. ముందు సీటు నాది, నాకు మోకాళ్ళు మడవడం కష్టం. మధ్యలో మీ అత్తయ్య కిటికీ పక్కన, తనకి గాలి తగలాలి. ఆ పక్కన చిన్నాడు, నాగమణి. వెనకాల పిల్లలిద్దరూ. అయిపోయింది. ఒక్క సీటు ఎక్కువా లేదు, తక్కువా లేదు.” ఆయన వేళ్ళు ముడుస్తుంటే నేను కూడా ఆయనతో పాటు మనసులో ముడిచాను. ఏడో వేలు ముడిచాక ఎవరూ తడబడలేదు. అత్తయ్య తడబడలేదు, ఆయన తడబడలేదు, నా పిల్లలు తడబడలేదు. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను. ఇప్పుడు నన్ను భయపెడుతున్నది ఆ నవ్వే.

బి.ఇడి.లో సైకాలజీ పేపరుకి చదువుకున్నాను. ఆలోచించే వ్యవధి లేకుండా వచ్చే జవాబు మనిషి నోటితో ఇచ్చేది కాదని, లోపల ఎక్కడో కూర్చున్న అసలు మనిషి ఇచ్చేదని. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇవాళ నా లోపల కూర్చున్న అసలు మనిషిని ఎవరో టై కట్టుకున్నాయన ఒక్క ప్రశ్న అడిగాడు. ఆవిడ క్షణం కూడా వెతుక్కోకుండా, నేను లేనని చెప్పింది.

పెళ్ళైన కొత్తలో వంటింట్లో మేమిద్దరం ఉండేవాళ్ళం, అత్తయ్యా నేనూ. మగవాళ్ళవి అయ్యాక గిన్నెలు మధ్యలో పెట్టుకుని కింద కూర్చుని తినేవాళ్ళం. “ముందు వాళ్ళవి చూడమ్మా. మనకి ఎలాగోలా వస్తుందిలే” అనేది ఆవిడ. ఆ “మనకి” అన్న మాటలో ఒక దగ్గరితనం ఉండేది. నాకు ఆవిడ మీద ఇష్టం కలిగింది ఆ రోజుల్లోనే. తరవాత ఆవిడకి మోకాళ్ళు పట్టేశాయి, డాక్టరు కింద కూర్చోవద్దన్నాడు. ఆవిడ లేచి బల్ల దగ్గర కుర్చీలోకి వెళ్ళింది. తప్పు లేదు. కానీ మళ్ళీ ఎప్పుడూ వంటింటి వైపు తిరిగి నువ్వూ రా అనలేదు. నాగమణి కోడలుగా వచ్చాక ఉద్యోగానికి వెళ్ళిన మొదటి రోజే బ్యాంకు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, “అక్కా, ఆకలేస్తోంది” అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇల్లు కూలిపోతుందనుకున్నాను. ఏమీ కూలలేదు. మామయ్యగారు పెరుగు గిన్నె ఆ అమ్మాయి వైపు జరిపారు. “మీరూ రండక్కా” అని కొన్నాళ్ళు పిలిచింది. మీరు కానివ్వండి, మీరు కానివ్వండి అని నేనే అన్నాను. పిలవడం మానేసింది. ఆ పిల్ల తప్పూ లేదు. ఎవరి తప్పూ లేకుండానే ఇదంతా ఇంత గట్టిగా ఎలా కట్టుకుందో నాకు అర్థం కావడం లేదు.

స్కూల్లోనూ అంతే. మొన్న వార్షికోత్సవానికి స్కూలు గ్రూపు ఫొటో తీశారు. కుర్చీలు వేయించింది నేను, హెడ్మాస్టరు పక్కన ఎవరెవరు కూర్చోవాలో సర్దింది నేను, ముందు వరసలో కింద కూర్చున్న చిన్న పిల్లలు కదలకుండా ఫొటోగ్రాఫర్ వెనక నిలబడి చేతులూపింది నేను. ఫొటో పెద్దది చేయించి ఆఫీసు గదిలో తగిలించారు. రోజూ సంతకం పెట్టేటప్పుడు చూస్తున్నాను. చాలా బాగా వచ్చిందని అందరితో పాటు నేనూ అన్నాను. అందులో పిల్లలందరూ ఒకే వైపు చూస్తుంటారు. వాళ్ళు చూస్తున్నది నన్ను. ఫొటోలో మాత్రం నేను లేను.

ఎనిమిదో గ్లాసు బియ్యం తీసి గిన్నెలో పోశాను. పోసి దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఏ గింజలు నావో తెలియలేదు.

ఆయన వరండాలో స్కూటర్ తుడుస్తున్నారు. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

“ఏవండీ, మనం ఎనిమిది మందిమి.”

“దేనికి?”

“ఇంట్లో.”

ఆయన తుడవడం ఆపి నా వైపు చూశారు. లోపల లెక్కపెట్టుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. చివరికి చేరి, “అరె, అవును కదా!” అని నవ్వేశారు. “నువ్వే కదా జ్యోతీ, ఏడుగురన్నావు.”

“నేనే అన్నాను. మీరెవరూ కాదనలేదే?”

“ఎవరు లెక్కపెడతారే? ఇంటి సంగతులు నువ్వు చెబితే అదే లెక్క. నీ మీద అంత నమ్మకం.” మెచ్చుకుంటూనే అన్నారు. మళ్ళీ గుడ్డ తడిపి మడ్‌గార్డ్ మీద వేశారు. “అయినా నీకు కారు పడదుగా. వాంతులు. దసరాకి అరకు వెళ్దామనుకుంటున్నాం కదా, ఆ ఘాట్ రోడ్డులో నీవల్ల ఏమవుతుంది? ఇదివరకు చూశాం కదా.”

నాకు కారు పడదు. అవును, ఇంట్లో అందరికీ తెలిసిన విషయం. చుట్టాల పెళ్ళిళ్ళకి జీపు మాట్లాడినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు, జ్యోతికి పడదు పాపం అని. నేనూ అంటాను, నాకు పడదండి, మీరు వెళ్ళి రండి అని. ఇన్నేళ్ళుగా అంటున్నాను. వరండా స్తంభం పట్టుకుని నిలబడి మొదటిసారి వెనక్కి వెళ్ళి వెతికాను. ఏ కారులో? నేను వాంతి చేసుకున్న కారు ఏది? అలాంటి కారు లేదు. ఒకే ఒక్క బస్సు ఉంది. జయంత్ కడుపులో పడి మూడో నెల, అరకు వెళ్ళే బస్సు, మలుపు మీద మలుపు. మూడో నెలలో మా అమ్మ ఇంటి నాలుగు గోడల మధ్య కూడా వాంతులే కదా నాకు. అనంతగిరిలో దింపి, ఒక టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టి, కాస్త నిమ్మకాయ చప్పరిస్తూ ఉండు, సాయంత్రం తిరుగు బస్సులో ఎక్కించుకుంటాం అన్నారు. ఆయన బస్సు వైపు రెండు అడుగులు వేసి ఆగారు. “వస్తున్నావా లేదా రా?” అని మామయ్యగారు బస్సులోంచి పిలిచారు. వెళ్ళారు. నేను ఆ బల్ల మీద సాయంత్రం దాకా కూర్చున్నాను. టీ కొట్టామె మధ్యాహ్నం ఏమీ అడగకుండా అన్నం పెట్టింది.

ఆ తరవాత మళ్ళీ నన్ను ఎవరూ ఎక్కించి చూడలేదు. నేనూ ఎక్కి చూసుకోలేదు. రోజూ స్కూలుకి కిక్కిరిసిన సిటీ బస్సులో, డీజిల్ పొగలో, వెనక మెట్ల దగ్గర నిలబడి వెళ్తాను. ఒక్కనాడూ కడుపులో తిప్పలేదు. ఏడో తరగతికి సాంఘికం చెబుతాను. అరకు దారిలోని బొర్రా గుహలు ఎలా ఏర్పడ్డాయో, నీటి చుక్క సున్నపురాయిని ఎలా కరిగిస్తుందో, పైనుంచి దిగే స్తంభమూ కిందనుంచి లేచే స్తంభమూ ఎలా కలుస్తాయో ఏటా బోర్డు మీద బొమ్మ వేసి చూపిస్తాను. మీరు చూశారా టీచర్ అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. దగ్గరిదాకా వెళ్ళానమ్మా అంటాను.

ఈ దసరాకి చూస్తాననుకున్నాను. బండి కొందామన్న మాట ఇంట్లో లేచినప్పటి నుంచీ నాలో నేను అనుకుంటున్నది అదొక్కటే. క్వాలిసా, స్కార్పియోనా, కొత్తదా, పాతదా అని మగవాళ్ళు వాదించుకుంటున్న రోజులన్నీ నేను పోపు వేస్తూ ఆ చీకటి గుహలో మెట్లు దిగుతూనే ఉన్నాను. మరి ఏడుగురని చెప్పేటప్పుడు ఆ మెట్లు దిగుతున్న మనిషి ఎక్కడికి పోయింది?

“రేపు జగ్గారావు పాత బండి ఒకటి చూపిస్తాడు,” అన్నారాయన. “పెద్దది. డ్రైవరుతో కలిపి తొమ్మిది సీట్లట. అది నచ్చితే నీ బెంగ కూడా తీరుతుందిలే.”

రాత్రంతా ఆ తొమ్మిదిని పట్టుకుని ఉన్నాను. తొమ్మిది సీట్లుంటే ఏ లెక్కలోనైనా నాకొకటి వస్తుంది. లెక్క తప్పిన కోడలికి బండే సాయం చెయ్యాలన్నట్టు.

జగ్గారావు స్టీలు ప్లాంటులో ఆయనతో పాటే పని చేస్తాడు, సెలవు రోజుల్లో పాత బండ్లు అమ్మిపెడతాడు. ఆదివారం పొద్దున్నే తెల్లటి పెద్ద బండి తెచ్చి మా గేటు ముందు ఆపాడు. సందు మొత్తం నిండిపోయింది.

“మధురవాడ డాక్టరు గారి బండి, బావా. సింగిల్ హేండు, ఒక్కడి సేతిలోనే ఉంది. ఆసుపత్రికీ ఇంటికీ తప్ప ఇంకేటీ తిప్పలేదు. నానెందుకు అబద్దం సెప్తాను?”

“డాక్టరుకి ఇంత బండి దేనికయ్యా?” అన్నారు మామయ్యగారు, అప్పటికే తలుపు మీద వేళ్ళతో కొడుతూ.

“ముగ్గురు కూతుళ్ళండి బాబూ. అల్లుళ్ళొచ్చినాక ఇదీ సాల్లేదు. ఇంకా పెద్దది కొన్నాడు.” అందరూ నవ్వారు. “ఒక్కటే సెప్పేత్తన్నాను, ఆ ఎనక తలుపు గట్టిగా లాగాల. నెమ్మదిగా ఏస్తే పడదు. రేపొద్దున జగ్గారావు సెప్పలేదని నన్ననొద్దు.”

నడిపి చూడాలి కదా, అప్పికొండ దాకా వెళ్ళొద్దామన్నాడు మరిది. అయితే సోమేశ్వరుడి దర్శనం కూడా అవుతుందంది అత్తయ్య. నేను అలవాటు కొద్దీ పొయ్యి మీద కుక్కర్‌లో పప్పు పెట్టి, పొద్దున చేసిన పులిహోర డబ్బాలో సర్ది, ఫ్లాస్కులో కాఫీ, రెండు సీసాల నీళ్ళు, అత్తయ్య మందులు బుట్టలో పెట్టాను. పెట్టి, నా చీర కుచ్చిళ్ళు సరిచేసుకుని, జుట్టు తడుముకుని బయటికి వచ్చాను. ఎందుకు తడుముకున్నానో నాకు తెలుసు.

జగ్గారావు స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. ముందు సీటులో మామయ్యగారు. మధ్యలో కిటికీ పక్కన అత్తయ్య, ఆయన, మరిది. వెనకాల ఎదురెదురుగా రెండు చిన్న బల్ల సీట్లు. ఒక దాని మీద నాగమణి, జయంత్. ఎదురుగా ధనశ్రీ. ధనశ్రీ పక్కన ఒక సీటు ఖాళీగా ఉంది. నీలం రంగు రెక్సిను, మధ్యలో చిన్న చిరుగు. నేను దాన్నే చూస్తూ తెరిచిన తలుపు దగ్గర బుట్టతో నిలబడ్డాను.

“అదిగో, ధనశ్రీ పక్కన పెట్టమ్మా,” అంది అత్తయ్య తల తిప్పకుండానే. “ఒలక్కుండా అది పట్టుకుంటుంది.”

పెట్టాను. ఆ నీలం సీటు మీద నా రెండు చేతులతో బుట్ట పెట్టాను. కదలకుండా ఫ్లాస్కు వైపు కాస్త గోడకి ఆనించి మరీ పెట్టాను.

“తలుపులు వేసెయ్యి.”

వేశాను. ముందు మామయ్యగారిది, తరవాత అత్తయ్యది, చివరికి వెనకది. గట్టిగా లాగాలన్నాడు కదా అని బయటి నుంచి బలం కొద్దీ తోశాను. పడింది.

“అక్క రాదేటి బావా? సీటుంది కదా,” అన్నాడు జగ్గారావు.

“తనకి కారు పడదురా.”

“అలాగా” అని బండి స్టార్ట్ చేశాడు.

బండి కదిలింది. నా అరచేతులకి ఇంకా ఆ ఇనుము వేడిగా ఉంది. నిన్నటి నుంచీ ఇది సీట్ల లెక్క అనుకున్నాను. సేల్స్‌మన్‌కి తప్పు చెప్పాను, అది సరిదిద్దితే చాలనుకున్నాను. పెద్ద బండి అయితే చాలనుకున్నాను. తొమ్మిది సీట్ల బండి వచ్చింది, మా ఇంటి నుంచి ఎక్కింది ఏడుగురే. రైలు తెచ్చి గేటు ముందు ఆపినా ఏడుగురే ఎక్కుతారు, మిగిలిన పెట్టెలన్నిట్లో బుట్టలు పెట్టేది నేనే. ఏడుపు రాలేదు. ఎవరో పోయారన్న కబురు విన్న మొదటి నిమిషంలో ఏడుపు రానట్టు.

సందు చివర బండి ఆగింది. మామయ్యగారు కిటికీలోంచి తల బయట పెట్టారు.

“అమ్మాయ్, కళ్ళజోడు మర్చిపోయాను. టీవీ మీద ఉంటుంది, చూడు.”

లోపలికి వెళ్ళాను. కళ్ళజోడు టీవీ మీదే ఉంది. తీసుకుని తిరిగేసరికి వంటింట్లో కుక్కర్ మొదటి కూత వేసింది. ఇంకో రెండు రావాలి. నేను గుమ్మంలో నిలబడి రెండో కూత కోసం ఎదురుచూస్తున్నానని నాకే తెలిసింది. సందు చివర అంతమంది నాకోసం ఆగి ఉంటే, నేను పప్పు కోసం ఆగాను. వెళ్ళి గ్యాస్ కట్టేశాను. ఆవిరి సన్నగా తగ్గిపోయింది. మేకుకి తగిలించిన తాళం తీసుకుని ముందు తలుపుకి వేశాను.

మామయ్యగారు చెయ్యి చాపి ఉన్నారు. కళ్ళజోడు ఇచ్చాను. ఇచ్చి, గేటు వైపు తిరక్కుండా బండి వెనక్కి నడిచాను. తలుపు తెరిచాను.

“ఏం మర్చిపోయావమ్మా?” అంది ధనశ్రీ.

బుట్ట తీసి జయంత్ ఒళ్ళో పెట్టాను. మెట్టు మీద కాలు వేసి ఎక్కి, ఆ నీలం సీటు మీద కూర్చున్నాను. రెక్సిను చల్లగా ఉంది.

“అదేమిటే, పొయ్యి మీద కుక్కరు?” అత్తయ్య వెనక్కి తిరగలేక మెడ సగమే తిప్పింది.

“కట్టేశానత్తయ్యా.”

“మరి ఇంటి దగ్గరెవరు?”

“తాళం వేశాను.”

ఆయన పూర్తిగా వెనక్కి తిరిగి నన్ను చూశారు. కోపం కాదు. ఎవరో తెలిసినట్టే ఉంది, ఎక్కడ చూశానో గుర్తు రావడం లేదన్నట్టు చూశారు. “జ్యోతీ, నీకు పడదు కదా...”

చెయ్యి చాపి తలుపు లాక్కున్నాను. పడలేదు.

“గట్టిగా లాగాలక్కా,” అన్నాడు జగ్గారావు అద్దంలోంచి చూస్తూ.

తలుపు మళ్ళీ బార్లా తెరిచి, ఈసారి రెండు చేతులతో లోపలికి లాగాను.